తడి బరువు

లేక్స్ ఎంట్రన్స్‌లో చలికాలం.
పెలికాన్లు జెట్టీ స్తంభాల మీద ముడుచుకుని కూర్చునే నెల.
మా వాకిట్లో ట్రెయిలరు మీద
పద్దెనిమిది అడుగుల పాత పడవ.
దాని ముక్కు వంటింటి కిటికీలోకి తొంగిచూస్తుంటుంది
పిలవని పేరంటానికొచ్చినట్టు.

నేనూ గవరయ్యా సగం సగం వేసుకుని కొన్నాం.
తోడల్లుళ్ళం.
ఒకే మామగారు, రెండు అభిప్రాయాలు.

డీజిల్ అంటాడు గవరయ్య.
"కింది గేర్లో దాని లాగుడు సూడన్నయ్యా,
దున్న మెడ వంచినట్టుంటాది.
పెట్రోలుబండి పరుగుకే గానీ బరువుకి కాదు."
కలీమ్నా మిట్ట ఎక్కేటప్పుడు
ముందుపోయే ప్రతి బండి పొగనీ
జాతకం చూసినట్టు చూస్తాడు.

నేను పెట్రోలు మనిషిని.
ఏడాదికి ఇరవైసార్లు ర్యాంపు దాకా, నాలుగు కిలోమీటర్లు.
మిగతా రోజులన్నీ బెయిర్న్స్‌డేల్ ఆస్పత్రికి
నైట్ డ్యూటీకి ఒక్కణ్ణే.
దానికి అంత ఇంజనెందుకు?
దగ్గరి దూరాలు తిరిగితే డీజిలుకి గొంతులో మసి పేరుకుంటుంది.
అది కాలిపోయేదాకా హైవే మీద ఊరికే తిప్పాలి,
పాలరగని పిల్లాణ్ణి భుజానేసుకుని
వసారాలో తిప్పినట్టు.

అసలు సంగతి గవరయ్యకి చెప్పలేదు.
డీజిల్ వాసన నాకు పడదు.
విశాఖ హార్బర్లో ఐసు మోసిన మూడేళ్ళూ
అన్నంలో అదే, దిండులో అదే.
అతనూ ఆ హార్బర్లోనే ఇంజన్లు విప్పినవాడు.
అతనికది మొదటి జీతం వాసన.

ఆరు వారాలు ఇదే పంచాయితీ.
అక్కాచెల్లెళ్ళు లోపలిగదిలో టీవీ సౌండు పెంచేశారు.
చివరికి గ్యారేజీ ముసలాయన స్పైరో
గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు:
పడవ బరువెంత?

పన్నెండొందల కిలోలంది అమ్మినావిడ.
రాసుకున్నాం కూడా.
"అంది", అన్నాడు స్పైరో.

అతని లారీకే కట్టి
ఊరవతల చెత్తడిపో కాటా ఎక్కించాం.
ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి
పద్దెనిమిది వందల అరవై దగ్గర నిలబడ్డాయి.

"సూశావా, డీజిలే" అన్నాడు గవరయ్య.
తర్వాత ఏమీ అనలేదు.

స్పైరో పడవలోకెక్కి మడమతో తట్టాడు.
పుచ్చకాయ తట్టినట్టు, చెవి ఒగ్గి.
కింద చిటికెనవేలు పట్టేంత కన్నం వేశాడు.

నీళ్ళు.
చల్లటి, టీ రంగు, ఏ ఏటివో నీళ్ళు.
తేల్చడానికని నేల కింద నింపిన ఫోము
తాగుతూ కూర్చుంది ఇన్నేళ్ళూ
బయటికి పొక్కనీకుండా.
పాత యజమాని ఏ మిట్ట ఎక్కలేక
ఎన్ని బండ్లు మార్చాడో,
వాటిని ఎన్ని మాటలన్నాడో.

ఈ రాత్రి డ్యూటీ లేదు.
కన్నం కింద బకెట్టు పెట్టి
ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.
చుక్కకీ చుక్కకీ మధ్య ఒక మాట పట్టేంత ఎడం.
ఎవరమూ ఏ మాటా వేయలేదు.
బకెట్టు నిండితే గవరయ్య లేచి పారబోసి
షెడ్డు తలుపు మీద సుద్దతో గీత గీస్తాడు.
"పది లీటర్లన్నయ్యా. పది కిలోలు తగ్గిపోనాది."
మేం ఇన్నాళ్ళూ కొట్టుకున్న లీటర్లు వేరే.

తెల్లారేలోపు మూడు గీతలు.
నాలుగోది సగంలో ఉండగా
తన జాకెట్టు విప్పి నా భుజాల మీద వేశాడు.

కొంచెం డీజిల్ వాసన.
చలిగా ఉంది.
ఉంచుకున్నాను.